వరద శిబిరంలో ఉన్న గర్భిణికి పులిహోర పొట్లాలు సరిపోతాయా?

మీ చెల్లెలికి ఆరో నెల అనీ, ఇల్లు మునగడంతో పునరావాస కేంద్రంలో ఉంటోందనీ, అక్కడ పూటపూటకూ పులిహోర, సాంబారన్నం పొట్లాలే ఇస్తున్నారనీ రాశారు. వాటితో ఆకలి తీరుతుంది గానీ గర్భిణికి కావలసినవన్నీ అందవు. నేను వైద్యురాలిని కాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటిన తరువాత, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు గ్రామాల్లో గర్భిణులకూ బాలింతలకూ ఆహారం చేరవేసిన ఒక స్వచ్ఛంద బృందంలో పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

అక్కడ బియ్యం కంటే ముందు నీళ్లే సమస్య అయ్యాయి. కరెంటు స్తంభాలు కూలి మోటార్లు ఆగిపోవడంతో ట్యాంకులు ఖాళీ అయ్యాయి. కలుషితమైన నీళ్లు తాగి విరేచనాలు పట్టుకుంటే ఎంత మంచి తిండి పెట్టినా ఒంటికి పట్టదు. కాబట్టి ఆమెకు మరిగించి చల్లార్చిన నీళ్లు గానీ, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఉంచిన నీళ్లు గానీ మాత్రమే ఇవ్వండి. ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గర ఉంచండి. కూలిన కొబ్బరి చెట్ల బొండాలు మాకు కొన్నాళ్లు ఆసరా అయ్యాయి గానీ, ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎక్కువ కనుక, ఆ జబ్బు ఉన్నవారికి పొటాషియం అధికంగా ఉండే ఆ నీళ్లు ఇవ్వకుండా జాగ్రత్త పడవలసి వచ్చింది.

ఇక పొట్లాల్లో లోపించేది మాంసకృత్తులు. వంట అవసరం లేనివీ, త్వరగా చెడిపోనివీ చూసి పంపండి: వేయించిన వేరుశనగ గుళ్లు, పుట్నాలు, అటుకులు, బెల్లం, బాగా ఉడికిన గుడ్లు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గుప్పెడు వేరుశనగ గుళ్లలో 7 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. పొయ్యి దొరికితే చోడి (రాగి) అంబలి, మునగాకు వేసిన పప్పు చాలా మేలు. కోసి ఉంచిన పండ్లూ, ఉదయం వచ్చి సాయంత్రం దాకా మూట విప్పని పొట్లాలూ వద్దు. వాసన రాలేదు కదా అని తినేవారిని చాలామందిని చూశాను.

అందరూ మరిచిపోయేది ఐరన్ మాత్రలు. మందుల సంచీ వరదలో పోతే, మళ్లీ ఎవరూ గుర్తు చేయరు. మన దేశంలో నాలుగో నెల నుంచి రోజూ 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర 180 రోజులు వాడాలని ప్రభుత్వ సూచన. క్యాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. శిబిరాల్లో గంటగంటకూ టీ ఇస్తారు గానీ, ఐరన్ మాత్రకు ముందూ వెనుకా టీ తాగితే అది సరిగా ఒంటబట్టదు. మాత్రతో పాటు నిమ్మరసం గానీ, ఉసిరికాయ గానీ మంచిది. తల్లీబిడ్డల కార్డు పోయినా ఏఎన్ఎం (ఊరి ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) దగ్గర నమోదు ఉంటుంది కాబట్టి, ఆమెను అడిగి మాత్రలూ కొత్త కార్డూ తీసుకోండి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం గర్భిణికి అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారం హక్కు. శిబిరానికి దగ్గరలో ఉన్న కేంద్రంలో అడగండి, మొహమాటం వద్దు.

మొహమాటం అన్నది ఎందుకంటే, శిబిరాల్లో నన్ను ఎక్కువ బాధించింది అదే. పిల్లలకూ, అత్తమామలకూ, భర్తకూ పెట్టి, తనకు ఏదో ఒకటి మిగుల్చుకునే అలవాటు కష్టకాలంలో మరింత గట్టిపడుతుంది. మీరు పంపే గుడ్లూ పల్లీలూ ఇంటిల్లిపాదికీ పంచిపెట్టేస్తుందని అనుకుని, ఇంటివారి కోసం కూడా వేరుగా కొన్ని పంపండి. వీలైతే మీ అమ్మగారో, పిన్నిగారో కూర్చుని తినిపించడం మంచిది.

జ్వరం, ఆగని వాంతులు విరేచనాలు, ముఖం వాపుతో కూడిన తలనొప్పి, చూపు మసకబారడం, రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం వీటిలో ఏది కనిపించినా తిండి సంగతి పక్కనపెట్టి వెంటనే 108కి ఫోను చేయండి.