నీలి డామ్సెళ్ళు క్లౌన్ చేపను చంపేశాయి, ఉప్పునీటి తొట్టెలో కొట్టుకోని చేపలు ఏవి?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. టైగరు రోజుల నుంచి వనామీ దాకా ఇరవై ఏళ్ళకు పైగా రొయ్యల చెరువులు చేశాను. ఇప్పుడు చెరువులు లీజుకిచ్చి చెన్నై వేళచ్చేరిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలి ముచ్చట కోసం నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న అద్దాల తొట్టె కొని ఉప్పునీళ్ళు కట్టాం. దుకాణదారు ముందుగా ఆరు నీలి డామ్సెల్ చేపలు వేయమన్నాడు. నెల తర్వాత రెండు క్లౌన్ చేపలు తెచ్చాం. పది రోజుల్లో ఒకటి రెక్కలు చిరిగి చచ్చిపోయింది. రెండోది పైమూలలో నక్కి ఉంటోంది, మేత ముట్టడం లేదు. డామ్సెళ్ళు కూడా ఆరింటిలో మూడే మిగిలాయి. కొట్టుకోని చేపలు ఏవి? ఎన్ని వేయొచ్చు? మా పిల్ల నీలం రంగు టాంగ్ చేప, సముద్రపు గుర్రం కావాలంటోంది. నీలాంగరై బీచి నుంచి నీళ్ళు డబ్బాల్లో తెచ్చుకుంటే ఉప్పు ఖర్చు కలిసొస్తుందా?
– ఒక రైతు, వేళచ్చేరి, చెన్నై

సమాధానం: ముందు ఆ మిగిలిన క్లౌన్ చేపను ఇవాళే బయటికి తీయండి. మిగతా సంగతులు తర్వాత. నలభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో అదే తొట్టె నీళ్ళు పోసి, గాలి బుడగలు వదిలే గాలి రాయి ఒకటి పెట్టి, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క వేయండి. ఆ టబ్బులో చేపల విసర్జన నుంచి పుట్టే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఉండదు కాబట్టి మేత రవ్వంతే వేసి, రోజూ మూడో వంతు నీళ్ళు మార్చాలి. తరిమేవాళ్ళు కనబడకపోతే రెండు మూడు రోజుల్లో మేతకు వచ్చే అవకాశం ఉంది.

ఇక డామ్సెళ్ళు. దుకాణాల్లో వీటిని ముందు అంటగట్టేది రెండు కారణాలకు: చవక, కొత్త నీళ్ళలోని అమ్మోనియాకు తట్టుకుంటాయి. మీరు తెచ్చిన నీలి డామ్సెల్‌కు ఇంగ్లీషులో ‘బ్లూ డెవిల్’ అనే పేరుంది, ఊరికే రాలేదు. ఈ కుటుంబంలో కొన్ని జాతులు పగడపు దిబ్బల మీద నాచు మడి కట్టుకుని, అక్కరలేని నాచును కలుపు తీసినట్టు పీకి పారేసి, మడిలోకి ఎవరు దిగినా తరుముతాయి. ఒక విధంగా అవీ రైతులే, గట్టు తగాదా వాటికీ ఉంది. సముద్రంలోనైతే తరిమించుకున్న చేప పది గజాలు పారిపోతుంది, తగాదా అక్కడితో సరి. మీ తొట్టెలో పారిపోవడానికి నాలుగడుగులే. నెల రోజులు ముందొచ్చి ప్రతి రాయీ తమదే అనుకున్న చేపల మధ్యకు కొత్తవాటిని దింపారు, అదే జరిగిన పొరపాటు. తమలో తామే కొట్టుకుని ఆరు మూడైనప్పుడే సంగతి తేలిపోయింది. అన్నట్టు క్లౌన్ కూడా డామ్సెళ్ళ కుటుంబమే.

వాటిని వలతో పట్టాలని చూస్తే రాళ్ళ సందుల్లో దూరి మిమ్మల్నే అలసిపోయేలా చేస్తాయి. మనవైపు కాలవల్లో చేపలు పట్టే మావులు వేస్తారే, అదే పద్ధతి పెట్టండి. రెండు లీటర్ల నీళ్ళ సీసా మెడ కోసి, తిరగేసి లోపలికి దూర్చి, లోపల రొయ్య ముక్క వేసి దింపండి. ఒక పూట వాటికి మేత మానేస్తే వాటంతట అవే దూరతాయి. పట్టినవాటిని దుకాణానికి తిరిగి ఇచ్చేయండి. తర్వాత రాళ్ళన్నీ తీసి కొత్తగా అమర్చండి. అడుగున్న బరువైన రాయి ఇసుక మీద కాకుండా గాజు మీదే ఆనాలి. గోబీ అనే చిన్న చేపలు ఇసుక తవ్వితే రాయి జారి అద్దం పగిలిన తొట్టెలు చూశాను.

‘కొట్టుకోని చేపలు ఏవి’ అని అడిగారు. నా మట్టుకు శాంతం అనేది చేప జాతిలో సగమే ఉంటుంది. మిగతా సగం తొట్టెలో దానికి దక్కే చోటులో, మిగతావాటి నోటి సైజులో, ఎవరు ముందొచ్చారన్న దాంట్లో ఉంటుంది. మీ తొట్టె లెక్కకు 255 లీటర్లు, రాయి ఇసుక పోగా నికరంగా 200 లీటర్ల పైచిలుకు. చదరపు మీటరుకు ఎన్ని పిల్లలు వేయాలని ఇరవై ఏళ్ళు లెక్కలు కట్టిన మీకు ఈ మాట రుచించకపోవచ్చు, కానీ ఇది పట్టుబడి లేని చెరువు. ఏడు చిన్న చేపలు చాలు. ఎనిమిదోది వేయాలనిపించినప్పుడు డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

ఆ ఏడింటిలో మొదట నేను గోబీని ఎంచుకుంటాను, ముఖ్యంగా మీ కోసం. పసుపు రంగు వాచ్‌మన్ గోబీ అని అడగండి. వేలెడంత ఉంటుంది. పిస్టల్ రొయ్య దొరికితే దాన్నీ జతగా తెచ్చుకోండి. ఈ రొయ్యకు చూపు సరిగా ఆనదు, పగలంతా ఇసుకలో బొరియ తవ్వుతూనే ఉంటుంది. గోబీ బొరియ వాకిట్లో కాపలా కూర్చుంటుంది. రొయ్య బయటికొచ్చినప్పుడల్లా తన మీసం ఒకటి గోబీ ఒంటికి ఆనించి పెట్టుకుంటుంది. గోబీ తోక ఆడించిందంటే ప్రమాదమని అర్థం, ఇద్దరూ లోపలికి. ఇన్నేళ్ళూ రొయ్యను మేత పరీక్షించే చెక్ ట్రేలోనే చూసిన మీకు ఇది కాలక్షేపం. రొయ్య తన పెద్ద డెక్కను మూసినప్పుడు టప్పుమని అద్దం చిట్లినంత చప్పుడు వస్తుంది, రాత్రిపూట కంగారు పడకండి. వీటికి రెండు అంగుళాల ఇసుక ఉండాలి.

రెండోది ఫైర్ ఫిష్. ముందు భాగం తెలుపు, వెనకకు పోయేకొద్దీ ఎరుపు, వీపు మీద నిలువుగా పొడుగాటి రెక్క. పిరికిది, ఎవరి జోలికీ పోదు, తన జాతిదే ఇంకోటి వస్తే మాత్రం ఊరుకోదు, అందుకని ఒక్కటే. కొన్ని దుకాణాల్లో లయన్ ఫిష్‌ను కూడా ఈ పేరుతోనే పిలుస్తారు. దాని ముళ్ళలో విషం ఉంటుంది, నోట్లో పట్టే చేపనల్లా మింగుతుంది, చూసి తెచ్చుకోండి. ఫైర్ ఫిష్ బెదిరితే నీళ్ళలోంచి ఎగురుతుంది. మా ఇంట్లో ఒకటి రాత్రి మాయమై మూడో రోజు తొట్టె వెనక ఎండిపోయి దొరికింది. పైన సన్నకన్ను వలతో చట్రం బిగించాకే తెండి, అద్దం మూత వేస్తే వేడి పోదు.

తర్వాత పైజమా కార్డినళ్ళు మూడు. ఒంటి వెనక సగం మీద గుండ్రటి చుక్కలతో, ఎర్రటి కళ్ళతో ఉంటాయి. నీళ్ళ మధ్యలో నెమ్మదిగా నిలబడి ఉండే చేప, సాయంత్రం చురుకవుతుంది. అదే కుటుంబంలో నల్ల చారల బంగ్గాయి కార్డినల్ ఇంకా అందంగా ఉంటుంది, గుడ్లను మగచేప నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. కానీ నాలుగైదు తెస్తే అందులో ఒక జంట కుదురుకుని మిగతావాటిని చంపేస్తుంది. జంట అని తేలితే తప్ప దాని జోలికి పోకండి.

ఆఖరున క్లౌన్లు రెండు. మీ దగ్గర మిగిలినదానికంటే స్పష్టంగా చిన్నదాన్ని, అదే ఒసెల్లారిస్ రకాన్ని తెండి. క్లౌన్లన్నీ పుట్టుకతో మగవే. గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది, దాని తర్వాతిది మగ జోడీ అవుతుంది. సైజులో తేడా ఉంటే ఎవరు పెద్దన్న తగువు త్వరగా తేలిపోతుంది. సమానమైనవి తెస్తే తేలదు. మెరూన్ క్లౌన్, టొమాటో క్లౌన్ అని ముద్దుగా కనిపించేవి కోపిష్టివి, వద్దు. మండపం, విళింజంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రాలు క్లౌన్లను హేచరీలో పెంచే పద్ధతిని ఎప్పుడో తయారుచేశాయి, కాబట్టి హేచరీ పిల్లనే అడగండి. క్లౌన్‌కు అనిమోనీ (పువ్వులా కనిపించే సముద్ర జీవి) ఉండి తీరాలన్నది అపోహ. అది లేకుండానే హాయిగా బతుకుతుంది, అనిమోనీని బతికించడమే కష్టం.

వేసే వరస కూడా పై వరసే. గోబీ, ఫైర్ ఫిష్ ముందు. రెండు మూడు వారాల తర్వాత కార్డినళ్ళు. ఆ తర్వాత క్లౌన్లు. పిరికివాటికి ముందు ఇల్లు దొరకాలి. కొళత్తూరులో రంగు చేపల దుకాణాలు వరసగా ఉన్నాయి కదా అని ఒక్క ఆదివారం వెళ్ళి అన్నీ తెచ్చేయకండి. కొనే ముందు మీ కళ్ళెదుట మేత వేయమనండి. తినని చేపను ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనండి.

రోగం ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేయించకుండా రొయ్య పిల్లల్ని (సీడ్) చెరువులో దింపేవారా మీరు? ఇక్కడ ఆ పరీక్ష బదులు నాలుగు వారాల క్వారంటైన్. చేప ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు వస్తాయి. పేరు విని మీ గుండె జారుతుందని తెలుసు, కానీ ఇది 1990ల్లో టైగరు రొయ్యను ముంచిన వైట్ స్పాట్ (తెల్లమచ్చ) వైరస్ కాదు, క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. రాగి మందుతో తగ్గుతుంది. ఆ మందును వేరే టబ్బులోనే వాడాలి, తొట్టెలో వేస్తే పిస్టల్ రొయ్య చచ్చిపోతుంది. ఇంకో సంగతి: మార్కెట్లో కొన్న పచ్చి రొయ్య ముక్కలు చేపలకు మంచి మేతే, కానీ రొయ్యల వైట్ స్పాట్ వైరస్ ఫ్రీజరులో పెట్టినా పోదు. తొట్టెలో రొయ్య ఉన్నప్పుడు ఉడికించి వేయండి, లేదా మేతకు పనికొచ్చే ఆర్టీమియా అనే సన్న జీవుల గుడ్లు పొదిగించుకోండి, అది మీకు తెలిసిన విద్యే.

మనవరాలు అడిగిన నీలం టాంగ్ రూపాయి బిళ్ళంత సైజులో దొరుకుతుంది. పెరిగితే అడుగు పొడవు, రోజంతా ఈదే రకం. దానికి మీ తొట్టె చాలదు, ఇరుకులో ముందు దానికే తెల్లమచ్చ వస్తుంది. మాండరిన్ చేప కూడా చూపిస్తారు. ఎంతో శాంతమైనదే కానీ రాళ్ళ మీది సన్నటి జీవులు తప్ప మేత ముట్టక చాలాచోట్ల చిక్కి చస్తుంది. సముద్రపు గుర్రం, పగడాలు మాత్రం ఎవరు తెచ్చిపెడతామన్నా వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాలో వాటిని 2001లో చేర్చారు. పగడపు రాయి ‘లైవ్ రాక్’ అని అమ్మినా అంతే. సిరామిక్ రాళ్ళు వాడుకోండి. పిల్లకు ఈ మాట మీరే నచ్చజెప్పాలి, నా వల్ల కాదు.

నీలాంగరై నీళ్ళు తేవద్దు. ఉత్తరాన అడయారు, కూవం నదులు నగరం మురుగంతా తెచ్చి సముద్రంలో కలుపుతున్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు ఒడ్డు నీటి సెలినిటీ (ఉప్పదనం) పడిపోతుంది. మరక్కాణం రొయ్య పిల్లల హేచరీలు సముద్రం నీళ్ళే వాడతాయి నిజమే, ఇసుక ఫిల్టరూ క్లోరినేషనూ దాటాకే కదా వాడేది. ఇంట్లో ఆర్వో నీళ్ళలో సముద్రపు ఉప్పు మిశ్రమం లీటరుకు 35 గ్రాముల చొప్పున కలపండి. వారానికి 25 లీటర్లు మార్చితే కిలోకు లోపే ఉప్పు. సెలినిటీ 33 నుంచి 35 పీపీటీ (వెయ్యి పాళ్ళలో ఉప్పు పాళ్ళు) మధ్య ఉండాలి, ఉప్పు కొలిచే మీ పాత రిఫ్రాక్టోమీటరు పనికొస్తుంది. ఆవిరైపోయిన నీటి బదులు మంచినీళ్ళే పోయాలి. ఉప్పు ఆవిరవదు కాబట్టి మళ్ళీ ఉప్పునీళ్ళు పోస్తే సెలినిటీ ఎక్కుతూ పోతుంది. రాళ్ళు కదిపాక అమ్మోనియా, దాని నుంచి పుట్టే నైట్రైటు రెండూ సున్నా అని పరీక్షలో తేలాకే చేప దింపండి. పీహెచ్ 8.2 దగ్గర ఉండే నీళ్ళలో కొద్దిపాటి అమ్మోనియా కూడా ఎంత చేటో చెరువు చేసినవారికి చెప్పనక్కర్లేదు.

చెన్నైలో అసలు బెడద వేడి. ఇక్కడివాళ్ళు కత్తిరి అనే మే నెల ఎండల్లో గది తొట్టె 31, 32 డిగ్రీలు దాటుతుంది. 25 నుంచి 27 ఉండాలి. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. చాలకపోతే నీళ్ళు చల్లబరిచే చిల్లర్ తప్పదు. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. కరెంటు పోతే నీళ్ళలో ఆక్సిజన్ కొన్ని గంటల్లోనే పడిపోతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు వేళచ్చేరిలో నీళ్ళు ఎలా నిలిచాయో మీ అబ్బాయిని అడగండి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి తొట్టె పక్కనే పెట్టుకోండి, సెల్స్ తీసి వేరే డబ్బాలో ఉంచండి. పంపులోనే వదిలేస్తే ఉప్పు గాలికి తుప్పు పట్టి అవసరానికి తిరగదు.