మెట్రో పక్కనేనని చెప్పిన హోటల్: మీకు కావలసిన సాక్ష్యం తెనాలిలో ఉంది

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. 2024లో మా అబ్బాయి పదో తరగతి పరీక్షలు రాశాక, వాడికిచ్చిన మాట ప్రకారం మూడు రాత్రులు ఉండేలా హైదరాబాద్ తీసుకెళ్లాను. మా వారు ఉద్యోగరీత్యా విశాఖలో ఉంటారు కనుక మేమిద్దరమే వెళ్లాం. ఏప్రిల్ 18న ఒక బుకింగ్ యాప్‌లో, పన్నులతో కలిపి రాత్రికి రూ.2,100 చొప్పున గది తీసుకున్నాను. అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కు 400 మీటర్లని అందులో ఉంది. ‘ఈ ధరకు ఒక్క గదే మిగిలింది’ అని కూడా కనిపించడంతో వెంటనే డబ్బు కట్టేశాను. మే 10 రాత్రి చేరుకుని చూస్తే ఆ హోటల్ స్టేషన్‌కు దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో, వీధి దీపాలు లేని సందులో ఉంది. భయంతో ఆ రాత్రంతా కూర్చునే ఉన్నాను. ఎన్నో ఆశలు పెట్టుకున్న పిల్లాడు ముఖం వేలాడేసుకున్నాడు. మర్నాడు ఖాళీ చేసి, రాత్రికి రూ.4,000 చొప్పున వేరే హోటల్‌లో రెండు రాత్రులు ఉన్నాం. రద్దుకు వీలులేని ధర కాబట్టి పైసా కూడా వెనక్కి రాదన్నారు. ఎన్ని మెయిల్స్ పెట్టినా ‘పరిశీలిస్తున్నాం’ అంటారు. చివరి జవాబు 2025 సెప్టెంబరులో వచ్చింది. ఇప్పుడా పేజీలో దూరం మార్చేశారు. నా పాత ఫోన్ మార్పిడికి ఇచ్చేశాను, స్టోరేజీ నిండిందని బుకింగ్ మెయిల్ తీసేశాను. ఆ రోజు పేజీ ఎలా ఉందో అలాగే కంప్యూటర్‌లో తయారు చేసి ఇస్తానని మా అబ్బాయి అంటున్నాడు. దాన్ని జతచేసి రూ.5 లక్షల పరిహారం కోరవచ్చా? వాడి ఇంటర్ పరీక్షలయ్యాక చెన్నై వెళ్లాలనుకుంటున్నాం. హోటల్ విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: అమ్మా, 2026 ఫిబ్రవరిలో మీరు రాసిన ఈ ఉత్తరం అసలు ప్రతి నాలుగు పేజీలు ఉంది. అందులో మూడు పేజీలు ఆ రాత్రి మీరు పడిన బాధ గురించే. మీ కేసును నిలబెట్టేది ఆ మూడు పేజీలు కావు. మూడో పేజీ చివర మీరు యథాలాపంగా రాసిన ఒక్క వాక్యం: ‘ఎక్కడ దిగుతున్నావని తెనాలిలో ఉన్న మా అన్నయ్య అడిగితే, బుక్ చేసిన రోజే ఆ పేజీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను.’ ఈ వివాదంలో తేలవలసింది ఒక్కటే. మీరు డబ్బు కట్టిన రోజున స్టేషన్‌కు 400 మీటర్లని ఆ యాప్ మీకు చెప్పిందా, లేదా? చెప్పిందని చూపగలిగితే మిగిలినదంతా దాని వెంట వస్తుంది. చూపలేకపోతే, మీ మాటకు ఎదురుగా వాళ్ల మాట నిలుస్తుంది. ఆ స్క్రీన్‌షాట్ మీ అన్నయ్యగారి ఫోన్‌లో ఇంకా ఉంటే మీ కేసు ఉన్నట్టే.

ముందుగా మీ అబ్బాయి ఆలోచన గురించి. ఆ పని పొరపాటున కూడా చేయకండి, చేయనివ్వకండి. చూసినదాన్నే తిరిగి గీసినా, అందులోని ప్రతి అక్షరం నిజమే అయినా, ఇప్పుడు తయారుచేసిన పేజీని ఏప్రిల్ 18 నాటిదని వినియోగదారుల కమిషన్ ముందు పెడితే అది కల్పిత సాక్ష్యమే. వినియోగదారుల కమిషన్ విచారణను చట్టం న్యాయవిచారణగానే పరిగణిస్తుంది. న్యాయవిచారణలో కల్పిత సాక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. పైగా ఆ యాప్ సర్వర్లలో ఏ రోజు ఏ పేజీ ఎలా కనిపించిందో నమోదై ఉంటే, అక్షరాల పరిమాణంలోని చిన్న తేడాతోనే మీ అబద్ధం బయటపడుతుంది. అప్పుడు నిజమైన మీ ఫిర్యాదు కూడా దానితోపాటే మునుగుతుంది. ఇంటర్ పరీక్షలకు కూర్చోవలసిన పదిహేడేళ్ల పిల్లవాడు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడవలసిన పరిస్థితిని తల్లిగా మీరే తెచ్చిపెట్టినట్టవుతుంది. ఆ ఫైల్ ఇప్పటికే తయారై ఉంటే దాన్ని ఎవరికీ పంపకండి, ఎక్కడా వాడకండి.

రెండోది కాలపరిమితి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంఘటన, ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. చివరి మెయిల్ 2025 సెప్టెంబరులో వచ్చింది కాబట్టి 2027 సెప్టెంబరు దాకా గడువు ఉందని ఎవరో చెప్పినట్టు మీరు రాశారు. అది తప్పు. మీరు ఉత్తరాలు రాస్తూ, వాళ్లు ‘పరిశీలిస్తున్నాం’ అంటూ ఉన్నంత మాత్రాన గడువు పొడిగించబడదు. హోటల్ చెప్పిన చోట లేదని మీరు కళ్లారా చూసిన 2024 మే 10నే లెక్కకు మొదలుగా తీసుకోవడం క్షేమం. ఆ లెక్కన గడువు 2026 మే 10తో ముగుస్తుంది. అది ఆదివారం, ముందురోజు రెండో శనివారం. కనుక మీ చేతిలో ఉన్న చివరి పనిదినం మే 8, శుక్రవారం అనుకోండి. గడువు సెలవు రోజున ముగిస్తే తర్వాతి పనిదినాన దాఖలు చేయవచ్చన్న సూత్రం ఉంది గానీ, దాన్ని నమ్ముకుని ఉండవద్దు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్న మాట నిజమే, అయితే తగిన కారణం చూపాలి. ‘వాళ్లు డబ్బు ఇస్తారేమోనని ఎదురుచూశాను’ అన్నది తగిన కారణంగా నిలవడం కష్టం. ఇరవై ఒక్క నెలలు మెయిల్స్‌తో గడిపి, మూడు నెలలు కూడా మిగలని సమయంలో న్యాయవాదిని అడగడం అజాగ్రత్త అమ్మా. కష్టపడి సంపాదించిన డబ్బు విషయంలో అంత ఉదాసీనత పనికిరాదు.

ఇక సాక్ష్యం. మీ అన్నయ్యగారి ఫోన్‌లోని ఆ సందేశాన్ని మళ్లీ మీకు పంపమనకండి. అలా పంపితే మీ ఫోన్‌లో కనిపించేది ఈనాటి తేదీ. మీరే తెనాలి వెళ్లి, చాట్‌లో ఏప్రిల్ 18వ తేదీ, సమయం, మీ నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయించండి. మొత్తం చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేయించి, అసలు ఫొటో ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో కాపీ చేయించండి. కేసు ముగిసేదాకా ఆయన ఆ ఫోన్ మార్చకూడదు, ఆ చాట్ తీసేయకూడదు. ఎలక్ట్రానిక్ రికార్డును రుజువు చేయడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం అడుగుతుంది. నమూనా ఆ చట్టం షెడ్యూలులోనే ఉంది. మొదటి భాగంలో పరికరాన్ని వాడే మనిషిగా మీ అన్నయ్యగారు, రెండో భాగంలో నిపుణుడు సంతకం చేయాలి. ఫైల్ హాష్ విలువ, అంటే ఆ ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంకేతం, కూడా అందులో రాయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని సివిల్ కోర్టులంత కచ్చితంగా పాటించనవసరం లేదు. అయినా ఎదుటి న్యాయవాది మొదట లేవనెత్తే అభ్యంతరం ఇదే కనుక ధ్రువపత్రాన్ని, దానితోపాటు మీ అన్నయ్యగారి అఫిడవిట్‌ను సిద్ధంగా ఉంచుకోండి.

మెయిల్ తీసేసినంత మాత్రాన బుకింగ్ ఆధారం పోలేదు. యాప్‌లో పాత బుకింగ్‌ల విభాగం ఉంటుంది. పాత నంబరుతోనే లాగిన్ అయి వోచర్‌ను, బిల్లును ఈరోజే డౌన్‌లోడ్ చేయండి. ఏప్రిల్ 18 చెల్లింపు కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. హోటల్ బిల్లు మీద ముద్రించిన డోర్ నంబరు నుంచి అమీర్‌పేట స్టేషన్ ద్వారం దాకా నడకదారి దూరం చూపే మ్యాప్ ప్రింటు తీయండి. తాము చెప్పింది గాలిలో గీసిన సూటిగీత దూరమని వాళ్లు వాదించవచ్చు. మూడు కిలోమీటర్ల నడకను 400 మీటర్లు చేసే సూటిగీత సాధారణంగా ఉండదు కాబట్టి ఆ ప్రింటు మీకు బలం. అప్పటి పేజీ రికార్డును దాఖలు చేయాలని ఎదుటిపక్షాన్ని ఆదేశించమని కమిషన్‌ను విడిగా కోరండి. పత్రాలు తెప్పించే విషయంలో కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. ఆదేశించినా వాళ్లు దాచిపెడితే, అది తమకు వ్యతిరేకమైనది కాబట్టే దాచారని భావించమని అడగవచ్చు.

మీ కేసులో నన్ను నిజంగా కలవరపెట్టిన కాగితం మీరు చివర జతచేసిన ఫొటో. హోటల్ రిజిస్టరులో, ఖాళీ చేయడానికి కారణం రాసే గడిలో, మీ చేతిరాతతోనే ‘వ్యక్తిగత కారణాల వల్ల ఖాళీ చేయుచున్నాము’ అని ఉంది. కింద మీ సంతకం, మే 11 తేదీ. రిసెప్షన్‌లో ఉన్న కుర్రవాడు చెప్పినట్టు రాశానంటున్నారు. చదువుకున్నవారై ఉండి, ఎవరో చెబితే నిజం కానిదాన్ని రాసి సంతకం పెట్టడమేమిటి? వాళ్ల జవాబులో మొదటి పత్రం అదే అవుతుంది. దాన్ని దాచకండి. మీ ఫిర్యాదులోనే ప్రస్తావించి, ఏ పరిస్థితిలో రాశారో చెప్పండి. ముందురోజు రాత్రి 11.20కి యాప్ చాట్‌లో ‘మీరు చెప్పినట్టు మెట్రో దగ్గర లేదు, డబ్బు వాపసు ఇవ్వండి’ అని మీరు పెట్టిన సందేశం ఆ రాతకు సరైన సమాధానం. సంతకానికి కొన్ని గంటల ముందే మీరు అభ్యంతరం చెప్పారని అది చూపుతుంది. ఆ చాట్‌ను కూడా ఈరోజే భద్రం చేయండి.

రద్దుకు వీలులేని ధర అన్న షరతు మీరు మనసు మార్చుకున్నప్పుడు వర్తిస్తుంది గానీ, వాళ్లు చెప్పిన వస్తువు ఇవ్వనప్పుడు కాదు. మీ ఫిర్యాదును తప్పుదోవ పట్టించే ప్రకటన, అనుచిత వ్యాపార విధానం, సేవాలోపం అన్న మూడింటి మీదే నిలపండి. ఆ షరతునే అన్యాయమైన ఒప్పందమని సవాలు చేస్తే విషయం రాష్ట్ర కమిషన్ పరిధిలోకి వెళుతుంది. జిల్లా కమిషన్‌లో తేలే చిన్న వ్యవహారాన్ని అంతదూరం లాగడం అనవసరం. ‘ఒక్క గదే మిగిలింది’ అన్నది అబద్ధమైతే, 2023 నవంబరు 30న వెలువడిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుగడల) మార్గదర్శకాలు తప్పుపట్టే కృత్రిమ తొందర కిందికే వస్తుంది. కానీ ఆ రోజు గదులు ఎన్ని ఉన్నాయో మీరు చూపలేరు, కాబట్టి దాన్ని ఒక్క పేరాలో చెప్పి వదిలేయండి.

కేసు కోసం హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. 2019 చట్టం ఫిర్యాదుదారు నివసించే చోటే దాఖలుకు వీలు కల్పించింది, కనుక గుంటూరు జిల్లా కమిషన్ చాలు. వివాదాలన్నీ ఫలానా నగరం కోర్టుల్లోనే అని యాప్ షరతుల్లో ఉన్నా, కోర్టు బయట మధ్యవర్తితోనే తేల్చుకోవాలనే ఆర్బిట్రేషన్ నిబంధన ఉన్నా, ఈ దారి మూసుకుపోదు. హోటల్‌ను, యాప్‌ను ఇద్దరినీ ఎదుటిపక్షాలుగా చేర్చండి. యాప్ ‘మేం మధ్యవర్తులమే’ అంటుంది, హోటల్ ‘ఆ పేజీ రాసింది మేం కాదు’ అంటుంది. ఇద్దరూ ఎదుట ఉంటేనే ఆ తప్పు ఎవరిదో తేలుతుంది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి దాఖలు రుసుము లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. దానికి ముందు ఇద్దరికీ నోటీసు పంపి పదిహేను రోజులు గడువివ్వండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించవలసిన అధికారి యాప్‌కు ఉండాలి; నోటీసు ప్రతి ఆయనకు కూడా చేరాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవచ్చు, కానీ దానివల్ల మే గడువు ఆగదు.

రూ.5 లక్షల మాట మానుకోండి. మొదటి రాత్రి మీరు అక్కడే ఉన్నారు కనుక దాని అద్దె మొత్తం తిరిగి అడిగితే చెల్లదు. కొంత తగ్గింపు అడగవచ్చు. వాడని రెండు రాత్రులకు రూ.4,200, కొత్త హోటల్‌కు అదనంగా పెట్టిన రూ.3,800, కలిపి రూ.8,000 అన్నది బిల్లులతో నిలబడే అంకె. రసీదులున్నంత మేర ఆటో ఖర్చు, మానసిక వేదనకు సమంజసమైన మొత్తం, కేసు ఖర్చులు దానికి కలపండి. ఎనిమిది వేల నష్టానికి ఐదు లక్షలు అడిగిన ఫిర్యాదును చదివేవారికి మిగతా అంకెల మీద కూడా అనుమానం వస్తుంది.

చెన్నై విషయానికి వస్తే, ముందు మీరు చూడదలచిన చోట్లను మ్యాప్‌లో గుర్తుపెట్టి, ఆ తర్వాత హోటల్ వెతకండి. మీరు దిగేది సెంట్రల్‌లో అయితే సెంట్రల్, ఎగ్మోర్ పరిసరాల్లో తక్కువ ధర హోటళ్లు చాలానే ఉన్నాయి. రెండుచోట్లా మెట్రో ఉంది, ప్రభుత్వ మ్యూజియం కూడా ఎగ్మోర్‌లోనే. పేజీలో రాసిన దూరాన్ని నమ్మకుండా, హోటల్ డోర్ నంబరు నుంచి స్టేషన్ ద్వారం దాకా మ్యాప్‌లో నడకదారి చూడండి. మే ఎండలో అది పది నిమిషాలు దాటితే మీరు ఆటోనే ఎక్కుతారు, కాబట్టి రోజుకు రెండు ఆటోల ఖర్చును గది ధరకు కలిపి అప్పుడు పోల్చుకోండి. రాత్రిపూట చేరుకున్నవారు ఇటీవల రాసిన అభిప్రాయాలు చదవండి. పదిహేడేళ్ల పిల్లవాడిని పెద్దవాడిగానే లెక్కగట్టి అదనపు మంచానికి వసూలు చేసే హోటళ్లు ఎక్కువ. అతని వయసు చెప్పి, మొత్తం ఎంతవుతుందో హోటల్‌కు సందేశం పంపి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఇద్దరి ఆధార్ కార్డులూ వెంట ఉంచుకోండి. డబ్బు కట్టే ముందు పేజీ మొత్తాన్ని పీడీఎఫ్‌గా దాచి, ఆ రోజే ఒక ప్రతి మీ అన్నయ్యగారికి పంపండి.