నీళ్లు పడితే కాలుతుందా?

సందేహం: ఒక ఇంగ్లీషు వార్తను తెలుగు చేస్తూ 'స్కాల్డ్' ఉన్నచోట 'వేడినీళ్లతో చెయ్యి కాలింది' అని రాశాను. నిప్పు లేనిదే కాలడమేమిటని మా పెద్దాయన దాన్ని 'ద్రవదాహం' అని దిద్దారు. ఏది సరైనది? (ఒక పాఠకురాలు, మిర్యాలగూడ)

సమాధానం: మీరు రాసిందే నయం. 'ద్రవదాహం' అంటే ఎవరికో దప్పికైందనుకుంటారు.

కాలడానికి మంటే ఉండాలన్న నియమం తెలుగులో లేదు. ఎండాకాలం చెప్పుల్లేకుండా బండ మీద నడిస్తే కాళ్లు కాలుతాయి. తెనాలి రామకృష్ణుడి పిల్లికి మూతి కాలింది పాలతోనే. మన నల్లగొండ, పాలమూరు ఇళ్లల్లో 'నీళ్లు కాగినయ్' అంటే స్నానానికి రమ్మని; 'నీళ్లు కాలుతున్నయ్' అంటే సల్లటివి కలుపుమని. ఇంగ్లీషు మంటకో పెనానికో కాలితే 'బర్న్' అని, ఉడుకునీళ్లో ఆవిరో తగిలితే 'స్కాల్డ్' అని రెండు క్రియలు పెట్టుకుంది. మనం ఆ తేడాను క్రియలో చూపం, ఏం పడిందో చెప్తాం: 'ఉడుకునీళ్లు పడి చెయ్యి కాలింది, పొక్కులు లేసినయ్.' అందుకే మీ వాక్యంలో 'వేడినీళ్లతో' బదులు 'వేడినీళ్లు పడి' అంటే బాగుంటుంది. 'తో' అంటే ఎవరో కావాలని కాల్చారేమో అనిపిస్తుంది.

అసలు 'స్కాల్డ్' అన్న మాట పుట్టింది గాయం కోసం కాదు. లాటిన్‌లో 'కాలిడుస్' అంటే వేడి, 'ఎక్స్‌కాల్దారే' అంటే వేడినీళ్లతో కడగడం. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అందుకే గిన్నెలను మరిగే నీళ్లతో కడిగినా స్కాల్డే.

కోసిన కోడిని ఈకలు ఊడేందుకు ఉడుకునీళ్లలో ముంచడమూ అదే. నీళ్లు 60 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే చాలు, సలసల మరిగితే తోలు చినుగుతుంది. ఇక్కడ మాత్రం 'కాల్చారు' అని రాయకండి. మన దగ్గర కోడిని కాల్చడమంటే ఈకలు పీకినంక మిగిలిన నూగు పోయేలా మంట మీద తిప్పడం. రెండూ వేరు పనులు, ఒకదాని తర్వాత ఒకటి.

వంటల పుస్తకంలో పాలను స్కాల్డ్ చేయమంటే, అంచున చిన్న బుడగలు లేవగానే, 82 డిగ్రీల దగ్గర దించమని. 'పాలు కాచండి' అని వదిలేస్తే మనవాళ్లు పొంగేదాకా ఆగరు. 'పొంగకముందే దించండి' అని చేర్చాలి.

తోటల్లో 'సన్ స్కాల్డ్' అనీ వింటాం. అందులో నీళ్ల ఊసే లేదు. బత్తాయి కాయకు మధ్యాహ్నపు ఎండ తగిలిన వైపు రంగు మారి తోలు గట్టిపడుతుంది. దానికి 'ఎండదెబ్బ' అన్న మాట చాలు.