చావు ఇంటి పని చేస్తానంటున్న కొడుకు

ప్రశ్న: మాది గుంటూరు. అబ్బాయి బీబీఏ చివరి ఏడాది. మా మామగారు పోయినప్పుడు ఫ్రీజర్ బాక్సు, బండి తెచ్చినవాళ్ల పని చూసి, తనూ అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారం పెడతానంటున్నాడు. ఎంబీఏలో చేర్చాలా, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లను ఓదార్చడం నేర్పే ఆన్‌లైన్ గ్రీఫ్ కౌన్సెలింగ్ కోర్సు చాలా? నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాం.

జవాబు: అమ్మా, మీరు అడిగింది కోర్సు గురించి. టెన్షన్ మాత్రం "రేపు పిల్లనెవరిస్తారు" అని. ఈ మాట నాకు కొత్త కాదు. కటువుగా అంటున్నానని అనుకోకండి. ఆ రోజు మీ మామగారిని ఎత్తి బాక్సులో పడుకోబెట్టిందీ ఎవరో తల్లి కన్న బిడ్డే. ఆ పని మీ ఇంట్లో జరగాలి గానీ మీ వాడు చేయకూడదా?

మన వైపు పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లెన్నో. పని తెలిసినవాడు గుమ్మంలోకి రాగానే ఏడుస్తున్న ఇల్లాలిని రేటు అడగడు. అల్లుడినో మేనల్లుడినో పక్కకు పిలిచి "ఎవరి కోసం ఆగాలి, ఫ్లైట్ ఎప్పుడు దిగుతుంది?" అంటాడు. ఎంతవుతుందో కాగితం మీద రాసిస్తాడు. ఒంటి మీది నగలు ఇద్దరి ఎదుట తీయించి, లెక్కపెట్టి అప్పగిస్తాడు. పాడె లేపేముందు "ఇంకెవరైనా చూడాలా?" అని ఒక్క నిమిషం ఆగుతాడు. పెద్దకర్మ హడావిడిలో మరిచిపోతారని, 21 రోజుల్లోపు మరణం నమోదు చేయించమని ఫోన్ చేస్తాడు. దాటితే లేటు ఫీజు, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా తిరగాలి.

కౌన్సెలింగ్ సర్టిఫికెట్ మీద నాకు నమ్మకం లేదు. దుఃఖానికి అయిదు దశలని అందులో బట్టీ పట్టిస్తారు. ఎలిజబెత్ కుబ్లర్ రాస్ అనే సైకియాట్రిస్ట్ 1969లో వాటిని మొదట చెప్పింది, చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి, వాళ్ల గురించే. మొగుడు పోయినావిడ దగ్గరకెళ్లి "మీరిప్పుడు కోపం దశలో ఉన్నారు" అంటే చెప్పు తీస్తుంది.

యాప్, గోల్డ్ ప్యాకేజీ అంటూ స్టార్టప్ కబుర్లు చెబితే ఇంకా భయం. గంధపు చెక్కల ప్యాకేజీ చూపిస్తే వద్దనే ధైర్యం ఆ రోజు ఏ కొడుక్కీ ఉండదు.

అమెరికాలో దీనికి కాలేజీ చదువుంది, చాలా రాష్ట్రాల్లో లైసెన్సూ ఉంది. ఇక్కడ పనిలో చేరి నేర్చుకోవడమే. బీబీఏ పరీక్షలు కానివ్వండి. తర్వాత ఆరు నెలలు విజయవాడలో అనుభవమున్నవాళ్ల దగ్గర, రాత్రి డ్యూటీలతో సహా చేయనివ్వండి. ఎంబీఏ ఎక్కడికీ పోదు, సంబంధాల సంగతీ అప్పుడే చూద్దాం. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగితే మీ వాడు లేస్తాడా లేదా అన్నది నాకంటే మీకే బాగా తెలుసు.