రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావండీ

బాబుకి రెండేళ్లు నిండాయి, మీరొక భాష, మీవారు ఇంకో భాష మాట్లాడతారు, వాడు 20 మాటలు కూడా దాటలేదు, అందరూ ఒక భాష ఆపేయమంటున్నారు అని రాశారు కదా. దయచేసి ఆపకండి. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకి మాటల లోపం రాదు, మీకు బాగా వచ్చిన భాషలో మనసారా మాట్లాడటమే వాడికి మేలు.

ముందు ఆ 20 మాటలు ఏ లెక్కన వచ్చాయో చూడండి. నీళ్లని ఒక భాషలో ఒకలా, రెండో భాషలో ఇంకోలా అంటే అవి రెండు మాటలు, 'బ' అని బంతినే ఎప్పుడూ చూపిస్తే అదీ మాటే. రెండేళ్లకి సుమారు 50 మాటలు, 'అమ్మా రా' లాంటి జంట మాటలు వస్తున్నాయా అని డాక్టర్లు చూస్తారు. అన్నీ కలిపినా చాలా తక్కువుంటే ఇంకా ఆగకుండా వినికిడి పరీక్ష చేయించండి. తలుపు చప్పుడుకి తిరుగుతున్నాడు కాబట్టి చెవులు బాగున్నాయనుకోవద్దు, చెవిలో నీరు చేరిన పిల్లలకి చప్పుళ్లు తెలుస్తాయి గానీ మాటలు స్పష్టంగా వినపడకపోవచ్చు. ఆ తర్వాత స్పీచ్ థెరపిస్ట్‌ని కలవండి. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం వెంటనే వెళ్లాలి.

ఈలోపు 'ఇదేంటి, చెప్పు' అని పరీక్షలు పెట్టకండి, వాడు 'బ' అంటే 'ఎర్ర బంతి కావాలా?' అని, వాడు బదులిచ్చేదాకా కాసేపు ఆగండి.