రీల్స్ చూసి కైరోప్రాక్టర్ అవ్వాలనుకుంటున్న గుణుపురం తమ్ముడికి

ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం నుంచి ఒక తమ్ముడు రాశాడు. ప్లస్ టూ సైన్స్, బయాలజీ ఉంది. "అక్కా, నాకు కైరోప్రాక్టర్ అవ్వాలనుంది. రోజూ ఫోన్లో ఆ వీడియోలే చూస్తాను. హైదరాబాద్‌లో ఒక సంస్థ వాళ్లు ఆరు వారాంతాల్లో డిప్లొమా ఇస్తామంటున్నారు, ఫీజు లక్షన్నర, తర్వాత సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చట. నాన్న రైసు మిల్లులో బస్తాలు మోస్తారు, ఎప్పుడూ నడుంనొప్పే, అది చూసే నాకు ఈ ఆలోచన వచ్చింది. అమ్మేమో నర్సింగ్ చెయ్యమంటోంది. ఏం చెయ్యను?" అని.

వెన్నుపూసలు, కీళ్ల మీద చేత్తో ఒక్క నెట్టు నెట్టి నొప్పి తగ్గించాలని చూసేవాళ్లని కైరోప్రాక్టర్లు అంటారు. ముందు ఆ లక్షన్నర సంగతి తేల్చేద్దాం. కట్టొద్దు తమ్ముడూ. అడ్వాన్సు ఏమైనా ఇచ్చి ఉంటే రసీదు పట్టుకుని వెనక్కి అడుగు. సీట్లు అయిపోతున్నాయని రోజూ ఫోన్ చేసి తొందరపెడుతుంటే ఆ నంబరు బ్లాక్ చేసెయ్. ఆరు వారాంతాలంటే పన్నెండు రోజులు. అదే అమెరికాలో అయితే కొంత డిగ్రీ చదువు అయ్యాక కైరోప్రాక్టిక్ కాలేజీలో చేరి, కనీసం 4,200 గంటల శిక్షణ పూర్తి చేసి, జాతీయ బోర్డు పరీక్షలు పాసై, ఆపైన రాష్ట్రం ఇచ్చే లైసెన్సు తెచ్చుకుంటే తప్ప సొంతంగా ప్రాక్టీసు పెట్టనివ్వరు.

ఆ వీడియోల్లో నీకు నచ్చింది, మెడో నడుమో నెట్టగానే వచ్చే ఆ 'టక్' చప్పుడే కదా? మైకు మెడ దగ్గర పెట్టి మరీ రికార్డు చేస్తారు, ఎవరికైనా అదే నచ్చుతుంది. పక్కకి జరిగిన ఎముక తిరిగి తన చోట కూర్చున్న చప్పుడది అని వీడియోల కింద రాస్తుంటారు, అలాంటిదేమీ లేదు. కీలు లోపల ఉండే జిగట ద్రవంలో వాయువు కరిగి ఉంటుంది, కీలు ఒక్కసారిగా ఎడమైతే లోపల ఒత్తిడి పడిపోయి ఆ వాయువు బుడగలా బయటపడుతుంది, అప్పుడు వచ్చేదే ఆ 'టక్'. మనం మెటికలు విరుచుకున్నప్పుడు జరిగేదీ ఇదే, అందుకే ఒకసారి విరిచిన వేలు మళ్లీ ఓ ఇరవై నిమిషాల దాకా పలకదు. చప్పుడు లేకుండా కూడా పని సరిగ్గా జరగొచ్చు, చప్పుడు గట్టిగా వచ్చినా నొప్పి అలాగే ఉండిపోవచ్చు.

ఇక అసలు పని ఎలా ఉంటుందో చెప్తాను. ఎక్కువమంది చేసే పద్ధతిని డైవర్సిఫైడ్ అంటారు. నడుముకైతే పేషెంట్‌ని పక్కకి తిప్పి పడుకోబెడతారు, కింది కాలు చాపి ఉంటుంది, పై కాలు మోకాలి దగ్గర మడిచి ఆ పాదాన్ని కింది కాలి మోకాలి వెనక ఆనిస్తారు. ఒక చేత్తో భుజాన్ని ఆపుతారు. రెండో అరచేతిలో చిటికెనవేలి వైపు, మణికట్టుకి కాస్త ముందు గుండ్రంగా తగిలే చిన్న ఎముక ఉంటుంది, ఇప్పుడే తడిమి చూసుకో, దాన్ని అనుకున్న పూస మీద ఆనిస్తారు. ఆ కీలు ఎంతవరకు తిరుగుతుందో అంతవరకు నెమ్మదిగా తీసుకెళ్లి, వదులంతా పోయి బిగువు తగిలాక, అక్కడ ఒక్క నెట్టు. వేగం చాలా ఎక్కువ, దూరం చాలా తక్కువ. ఆ బిగువు చేతికి తెలియాలంటే ఏళ్లు పడుతుంది, అది ఏ కెమెరాకీ చిక్కదు.

మిగతా పద్ధతుల్లో గాన్‌స్టెడ్ వాళ్లు ఎక్స్‌రే చూసి, చేత్తో తడిమి ఏ పూసో ముందే తేల్చుకుంటారు, మెడకైతే కుర్చీలో కూర్చోబెట్టి చేస్తారు. థామ్సన్ పద్ధతిలో బల్లలో ఒక ముక్క కాస్త ఎత్తుగా లేపి ఉంటుంది, నెట్టగానే అది దబ్బున కిందికి పడుతుంది, కాబట్టి తక్కువ బలంతో పని అయిపోతుంది. యాక్టివేటర్ అనేది చేతిలో పట్టే స్ప్రింగు పరికరం, వయసు మళ్లినవాళ్లకీ చేత్తో చేయించుకోవడానికి భయపడేవాళ్లకీ వాడతారు. కాక్స్ పద్ధతిలో నెట్టడమే ఉండదు, బల్ల కాళ్లవైపు భాగాన్ని లయగా కిందికి వంచుతూ వెన్నుని సాగదీస్తారు, పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు జారి కాల్లోకి నొప్పి పాకేవాళ్లకి ఎక్కువగా ఇది చేస్తారు. మెడకి పట్టీ వేసి తల దగ్గర నించుని లాగుతారు చూడు, ఆ వై-స్ట్రాప్‌కే వ్యూస్ ఎక్కువ, నాకు మాత్రం అది చూస్తేనే వణుకు.

ఈ విద్య 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్ ఊళ్లో మొదలైంది. డి.డి. పామర్ అనే ఆయన తన ఆఫీసున్న భవనంలో పనిచేసే హార్వీ లిలార్డ్ వెన్ను మీద నొక్కితే అతనికి చెవుడు తగ్గిందని చెప్పుకున్నాడు. అక్కడి నుంచి, రోగాలు చాలావరకు పూసలు తప్పడం వల్లే వస్తాయనే సిద్ధాంతం పుట్టింది. దానికి సైన్సులో ఆధారం దొరకలేదు, ఉబ్బసం తగ్గిస్తాం షుగర్ తగ్గిస్తాం అనేవాళ్లకి దూరంగా ఉండు. నడుంనొప్పికి మాత్రం కొంత ఉపయోగం ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కొత్తగా వచ్చిన నడుంనొప్పికి మందుల కంటే ముందు చూడదగ్గవాటిలో కాపడం, మసాజు, ఆక్యుపంక్చర్‌తో పాటు ఈ వెన్ను మానిప్యులేషన్‌ని, అంటే చేత్తో నెట్టే ఈ పద్ధతిని కూడా చేర్చారు. లాభం ఓ మోస్తరే. మనవాళ్లకి ఈ ఆశ కొత్తేం కాదులే, నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తొక్కించుకునే ఇళ్లు మీ వైపూ ఉంటాయి, మా వైపూ ఉన్నాయి.

ఎవరి మీద చెయ్యి వెయ్యకూడదో తెలియడమే ఈ వృత్తిలో అసలు చదువు. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లే ఒక రక్తనాళం మెడలో ఆరో పూస నుంచి మొదటి పూస దాకా చిన్న చిన్న రంధ్రాల్లోంచి పైకి పోతుంది, మెడని ఒక్కసారిగా తిప్పినప్పుడు దాని లోపలి పొర చిరిగితే గడ్డకట్టి పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే ఇరవై ఏళ్ల కుర్రాడికైనా వస్తుంది. మంగలి షాపులో క్షవరం అయ్యాక మెడ విరిపించుకునే అలవాటు ఉంటే ఇవాళే మానెయ్. ఇక మీ ప్రాంతం సంగతి వేరే చెప్పాలి. వెన్నుకి టీబీ పట్టినవాళ్లు మన దేశంలో తక్కువేం కాదు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు పెరిగే నొప్పి, పైకి చూస్తే మామూలు నడుంనొప్పిలాగే ఉంటుంది. ఆ మెత్తబడిన పూస మీద నెడితే కాళ్లు పడిపోవచ్చు. దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు కూడా ఎక్కువ, ఎముకల నొప్పితో, తుంటి కీలు పాడై వచ్చేవాళ్లుంటారు. ఇవన్నీ పట్టుకోవడం పన్నెండు రోజుల్లో ఎవరు నేర్పుతారు?

కాబట్టి దారి ఏంటంటే బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి ఐదేళ్లు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలో ఫిజియోథెరపీ ఉంది, కైరోప్రాక్టిక్ లేదు. పొట్టకూటి విషయంలో ఈ తేడా చాలా పెద్దది, ఎందుకంటే నువ్వు అప్పుచేసి అమెరికాలోనో బ్రిటన్‌లోనో కైరోప్రాక్టిక్ డిగ్రీ తెచ్చుకున్నా ఇక్కడికొచ్చి నమోదు చేసుకోవడానికి ఒక కౌన్సిల్ అంటూ లేదు. అక్కడే స్థిరపడతానంటే అది వేరే లెక్క. ఫిజియోలో వెన్ను మీద చేసే పని తక్కువేమీ కాదు. మెయిట్‌ల్యాండ్ పద్ధతిలో కీళ్లని కదిపే తీరుని ఐదు గ్రేడులుగా నేర్పుతారు, మొదటి నాలుగు మెల్లగా ఊపడం, ఐదోది నువ్వు వీడియోల్లో చూసే ఆ నెట్టే. బీపీటీ తర్వాత ఆర్థోలో, అంటే ఎముకలు, కీళ్ల విభాగంలో ఎంపీటీ అనే పీజీ చేసి, చేతులతో చేసే మాన్యువల్ థెరపీ మీద పట్టు సాధిస్తే నువ్వు కోరుకున్న పనే చేస్తావు, చేతిలో చెల్లే డిగ్రీతో.

ఎక్కడ చదవాలంటే, కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, బీపీటీ, ఆక్యుపేషనల్ థెరపీ, కృత్రిమ అవయవాల కోర్సు మూడూ ఉన్నాయి. నేనైతే మొదటి ప్రాధాన్యం దానికే ఇస్తాను. ప్రవేశ నిబంధనలు మారుతున్న కాలం ఇది, కాబట్టి నీ ఏడాది నోటిఫికేషన్ తెరిచి చదువుకో, ఎందుకైనా మంచిది నీట్ కూడా రాసి పెట్టుకో. శ్రీకాకుళం, విశాఖ దగ్గరే కదా అనిపిస్తుంది గానీ ఒడిశాలో చదివినవాడివి, ఆంధ్రలో సాధారణంగా లోకల్ కోటా కిందికి రావు, మేనేజ్‌మెంట్ సీటుకి లక్షలు పోసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించు.

డబ్బు సంగతి దాచకుండా చెప్తాను, బీపీటీ అవగానే చేతికొచ్చే జీతం చూసి చాలామంది నీరుగారిపోతారు. మొదటి రెండు మూడేళ్లు ఏదైనా పెద్దాసుపత్రిలో ఆర్థో, న్యూరో కేసులు చూడాలి, ఆ తర్వాతే సొంత క్లినిక్ ఆలోచన. నీకు ఒక లాభం ఉంది. తెలుగు, ఒడియా రెండూ వచ్చు, అక్కడి గిరిజనుల సవర భాష కూడా కాస్త నేర్చుకుంటే గుణుపురం చుట్టుపక్కల కొండ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకి నొప్పి ఎక్కడో, ఎప్పటి నుంచో వాళ్ల మాటలోనే అడగగలవు. మీ అమ్మగారు చెప్పిన నర్సింగ్ కూడా తీసిపారేసేది కాదు, ఉద్యోగం త్వరగా దొరుకుతుంది, కానీ నీ మనసు కీళ్ల మీద ఉంది కాబట్టి ఆమెకి బీపీటీ అంటే ఏంటో కూర్చోబెట్టి చెప్పు. బహుశా ఆమె భయమంతా ఆ డిప్లొమా గురించే.

దరఖాస్తు చేసే ముందు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలోనో శ్రీకాకుళంలోనో ఫిజియోథెరపీ విభాగంలో అనుమతి అడిగి ఒక రోజంతా కూర్చుని చూడు. పక్షవాతం వచ్చిన మనిషి చేత ఒక వేలు కదిలించడానికి అరగంట పడుతుంది. అది చూసి విసుగు పుట్టకపోతే అప్పుడు అప్లై చెయ్.

నాన్నగారి మీద మాత్రం వీడియో చూసి ఏమీ చెయ్యకు. బస్తాలు మోసే మనిషి, డిస్కు సంగతేంటో ముందు ఆర్థోపెడిక్ డాక్టర్ చూడాలి. తొడల మధ్య తిమ్మిరి పట్టినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోయినా, కాలు ఈడుస్తున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లు, తెల్లారే దాకా ఆగొద్దు.