ముందు చెవి ఎదుగుతుంది, చెయ్యి తరువాత వస్తుంది

"ఏడాదిగా పుస్తకాలు చదువుతున్నాను, తెల్లారకుండా లేస్తున్నాను, డైరీ రాస్తున్నాను. అయినా ఎక్కడ ఉన్నానో అక్కడే ఉన్నట్టుంది. మనిషి ఎదుగుదల ఎందుకింత నెమ్మది? అసలు దాన్ని నడిపించేది ఏమిటి?" అని అడిగారు.

సైకాలజీ చదివినవాళ్లు ఎవరైనా వచ్చి పద్ధతిగా చెబుతారేమో. నేను విశాఖలో ఒక షిప్పింగ్ ఏజెన్సీలో అకౌంట్స్ చూసుకునే మనిషిని. పెళ్లయి, పిల్లలు స్కూలుకి వెళ్లడం మొదలయ్యాక వయొలిన్ పట్టుకున్నాను. ఎదుగుదల గురించి నాకు తెలిసిందంతా ఆ నాలుగు తీగల దగ్గర తెలిసిందే. అయినా గట్టిగానే చెబుతాను. మీరు అక్కడే లేరు. మీ చెవి ముందుకు వెళ్లిపోయింది, చెయ్యి ఇంకా వెనక ఉంది. ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని చూసి ఎదగలేదు అనుకుంటున్నారు.

ఎలాగో చెబుతాను. కర్ణాటక సంగీతంలో ఎవరైనా మొదట నేర్చుకునేది మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు, అంటే స రి గ మ ల తొలి పాఠాలు. పురందరదాసు పెట్టిన పద్ధతి అని చెబుతారు. వయొలిన్ మీద స, ప అనేవి వేలు పెట్టకుండా తీగ లాగితే పలికేస్తాయి, శ్రుతి సరిగ్గా కలిపి ఉంటే వాటికి ఢోకా లేదు. బాధంతా మధ్యలో వాటితోనే. ఈ రాగంలో రిషభం (రి) షడ్జమాన్ని (స) అంటిపెట్టుకుని ఉంటుంది, గాంధారమేమో (గ) బాగా పైన ఉంటుంది. రి నుంచి గ దాకా సాగడానికి వేలు బద్ధకిస్తుంది, గాంధారం కిందికి దిగిపోతుంది. వీణకైతే మెట్లుంటాయి. వయొలిన్‌కి అలాంటి గుర్తే లేదు, నున్నటి నల్ల చెక్క తప్ప.

మొదట్లో నా వాయిద్యం నాకు బాగానే వినిపించేది. ఇంటికొచ్చిన చుట్టాలకి వినిపిస్తే మెచ్చుకున్నారు కూడా. ఏడాది దాటాక అవే వరుసలు వాయిస్తుంటే నాకే చెవులు మూసుకోవాలనిపించేది. మానేద్దామా అనుకుంటున్న రోజుల్లో ఫోన్లో పాత రికార్డింగ్ ఒకటి దొరికింది. పెట్టి విన్నాను. ఘోరం! చుట్టాలు నిజంగా మంచివాళ్లు. అంటే చెయ్యి మెరుగుపడుతూనే ఉంది, చెవి దానికి రెండింతలు మెరుగుపడింది. అందుకే రోజురోజుకీ దిగజారుతున్నట్టు అనిపించింది. ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు. చెబితే కోర్సులు అమ్ముడుపోవు.

కోర్సులంటే గుర్తొచ్చింది. మా ఆఫీసుకి ఒకసారి ఒక మోటివేషన్ ఆయన్ని పిలిచారు. ఏసీ హాల్లో అందరినీ లేపి నిలబెట్టి, చప్పట్లు కొట్టించి, ఇరవై ఒక్క రోజులు ఏ పని చేసినా అది అలవాటైపోతుందని చెప్పి వెళ్లాడు. ఈ 21 రోజుల కథ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసా? మాక్స్‌వెల్ మాల్ట్జ్ అని అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ అయిన పేషెంట్లకి తమ కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులైనా పడుతోందని 1960లో రాశాడు. అద్దంలో కొత్త ముక్కు చూసుకోవడానికి పట్టే టైమ్ అది! అందులోని "కనీసం" ఎక్కడో రాలిపోయింది, మిగిలింది మన వాట్సాప్‌కి చేరింది. తరువాత లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. ఒక చిన్న అలవాటు తనంతట తాను జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా పట్టవచ్చని తేల్చారు. అదీ గ్లాసు నీళ్లు తాగడం, కాస్త నడవడం లాంటి వాటికి. గాంధారానికి ఎన్ని రోజులో వాళ్లు లెక్క కట్టలేదు.

ఇక మీ రెండో ప్రశ్న, నడిపించేది ఏమిటని. నా జవాబు ఒకటే. పక్కన కూర్చుని వినే మనిషి. సంకల్పబలం, లక్ష్యాలు, తెల్లవారుజామున నాలుగు గంటలు, ఇవన్నీ తరువాతి సంగతి.

నేను మొదట ఆన్‌లైన్ క్లాసులో చేరాను. వాళ్లు వయొలిన్ మెడ మీద స్వరానికొకటి రంగు స్టిక్కర్ అంటించమన్నారు. రి ఎరుపు, గ పచ్చ. వేలు స్టిక్కర్ మీద పెడితే స్వరం వచ్చేసినట్టే. వారానికి ఒక వీడియో పంపితే "సూపర్ మేడమ్" అని బొటనవేలి బొమ్మ వచ్చేది. తరువాత మా వీధికి రెండు వీధుల అవతల ఉండే మాస్టారి దగ్గర చేరాను. ఆయన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న మనిషి. స్టిక్కర్లు చూసి ఏమీ అనలేదు. నేను వాయిస్తుంటే లేచి వంటింట్లోకి వెళ్లి కాఫీ కలుపుకునేవారు. మిక్సీ చప్పుడులోంచి, పక్కింటి టీవీలోంచి కూడా "గాంధారం!" అని అక్కణ్నుంచే కేక వేసేవారు. నేను కిందికి చూసుకుంటే వేలు పచ్చ స్టిక్కర్ మీదే ఉండేది. మాస్టారికి వయసైపోయింది, చెవి పోతోందేమో అనుకున్నాను కూడా.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం తీరం దాటింది, మధ్యలో కాసేపు గాలి ఆగింది. అయిపోయిందనుకుని జనం బయటికొచ్చేసరికి రెండో వైపు నుంచి మళ్లీ అందుకుంది. ఆ తరువాత కొన్ని రోజులు కరెంటు లేదు, ఫోన్లు లేవు, పెట్రోలు బంకుల దగ్గర లైన్లు, పాల ప్యాకెట్ కోసం గొడవలు. వీధిలో నీడ అన్నది లేకుండా పోయింది. ఒక సాయంత్రం, పెద్దవాళ్లిద్దరే ఉన్నారు, నీళ్లున్నాయో లేవో అని పడిపోయిన చెట్లు దాటుకుంటూ మాస్టారింటికి వెళ్లాను.

ఆయన వరండాలో కూర్చుని పాలు లేని కాఫీ తాగుతున్నారు.

"వయొలిన్ ఏదమ్మా?" అన్నారు.

తుఫానులో వయొలిన్ ఏమిటి మాస్టారూ అన్నాను.

"ఊళ్లో ఇంత నిశ్శబ్దం మళ్లీ ఎప్పుడు దొరుకుతుంది? లోపలికి రా."

ఆయన రెండో వయొలిన్ చేతికిచ్చారు. దానికి స్టిక్కర్లు లేవు. ఉన్నా కనబడవు, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కొవ్వొత్తి వంటింట్లో ఉంది. ఆధార స్వరం మోగించే శ్రుతి పెట్టెకి కరెంటు లేదు కాబట్టి మూల గుడ్డ కప్పి ఉన్న తంబురా దించారు. అమ్మగారు గోడకి చేరగిలబడి దాన్ని మీటుతూ కూర్చున్నారు. కింద బాసింపట్టు వేసుకుని, వయొలిన్ తల కుడి చీలమండ మీద ఆనించి, చీకట్లో మొదలుపెట్టాను. స, రి, గ.

"కాదు," అన్నారు.

మళ్లీ లాగాను. "కాదు." ఎక్కువైందా తక్కువైందా అంటే చెప్పరు. చాలాసేపు అదే తంతు. ఫ్యాన్ లేదు, ఫ్రిజ్ లేదు, రోడ్డు మీద బండి లేదు. చెమటలు కారుతున్నాయి, ఏడుపు వస్తోంది. అప్పుడు అన్నారు. "నువ్వు గాంధారం తయారు చెయ్యక్కర్లేదమ్మా. అది తంబురాలో పలుకుతూనే ఉంది. వినబడుతోందా?"

సంగీతం తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. బాగా శ్రుతి చేసిన తంబురాలో మంద్ర షడ్జమం, అంటే కింది స, మీటితే దాంట్లోంచి అంతర గాంధారం, ఈ రాగంలో ఉండే గాంధారమే, తనంతట తానే సన్నగా పైకి వస్తుంది. నేను చదివి ఉన్నాను, విని ఉండలేదు. నా చిన్న శ్రుతి పెట్టెలో ఎప్పుడూ వినబడలేదు. ఆ చీకట్లో కమాను ఆపి, ఊపిరి కూడా బిగబట్టి వింటే, షడ్జమం వెనకాల ఎక్కడో ఉంది. నిజంగానే ఉంది. వేలు మెల్లగా పైకి జరిపాను. ఒక చోట నా స్వరం, తంబురా స్వరం ఒకటైపోయి, వయొలిన్ చెక్క మొత్తం గుండెకి ఆనుకుని ఝుమ్మంది. మాస్టారు ఈసారి "కాదు" అనలేదు. పచ్చ స్టిక్కర్ ఉండాల్సిన చోటు కంటే అది బాగా పైన ఉందని వేలికే తెలిసింది.

సరిగ్గా అప్పుడే పక్కవాటాలో ఆయన సిగ్నల్ ఏమైనా వస్తోందా అని టార్చి వేసుకుని వచ్చాడు. వెలుతురు పడగానే నా కళ్లు అలవాటుగా వేళ్ల మీదికి పోయాయి, గాంధారం దిగిపోయింది. "ఆ లైటు ఆపవయ్యా బాబూ!" అని మాస్టారు అరిచిన అరుపుకి తుఫానులో కూడా కదలని మనిషి గుమ్మం దాటి పరుగెత్తాడు.

ఆ తరువాత మాస్టారు వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి గురించి చెప్పారు. చిన్నప్పుడు ఆయనకి చూపు సరిగ్గా ఆనేది కాదు, బడి చదువు సాగలేదు, చెవే ఆధారం అయింది. 1919లో విజయనగరం సంగీత కళాశాల పెట్టినప్పుడు ఇరవై ఆరేళ్ల వయసులో అక్కడ వయొలిన్ ఆచార్యుడిగా చేరారు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. చూపు లేకపోతే గొప్పవాళ్లవుతారని కాదు, కళ్లతో చేసే పని చెవికి అప్పగించేదాకా చెవి బద్ధకంగానే ఉంటుందని మా మాస్టారి వాదన. నేను అక్షరాలా నమ్ముతాను.

స్టిక్కర్లు పీకేశాను. వెంటనే బాగుపడ్డానని అనుకుంటారేమో. చాలాకాలం అన్ని స్వరాలూ తప్పాయి, మొదటి నెలలకంటే అధ్వాన్నం. అప్పుడు ఇంట్లో ఒంటరిగా ఉండి ఉంటే, వీడియోలు పంపుకుంటూ ఉండి ఉంటే, స్టిక్కర్లు మళ్లీ అంటించేదాన్నే. మాస్టారి ముందు కూర్చోవాలి కాబట్టి అంటించలేదు. నన్ను నడిపింది ప్రేరణ కాదండీ, మొహమాటం. ఆఫీసులో ఇయర్ ఎండింగ్ టెన్షన్లో ఉన్నా రాత్రి పదింటికి వయొలిన్ తీసేదాన్ని. తీయకపోతే రేపు ఆయన చెవికి దొరికిపోతాను, అంతే.

ఈ కాలం పిల్లల సంగతి చూస్తే జాలేస్తుంది. మాస్టారి దగ్గరికి ఒక తండ్రి వచ్చి, మూడు నెలల్లో టీవీ పోటీకి ఒక కీర్తన తయారు చేయించండి, సరళీ వరుసలు తరువాత చూసుకుందాం అన్నాడు. పిల్లేమో నాన్న వైపూ మాస్టారి వైపూ మార్చి మార్చి చూస్తోంది. మాస్టారు టీ ఇచ్చి పంపేశారు. ఆ తండ్రి వేరే చోట చేర్పించాడు. ఆ పిల్ల ఇప్పుడు వాయిస్తోందో లేదో కానీ, అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన మెమెంటో పట్టుకున్న ఫోటో మాత్రం ఉంది.

మీ దగ్గరికి వద్దాం. డైరీ రాస్తున్నానన్నారు. ఎవరికి చూపిస్తున్నారు? పుస్తకాలు చదువుతున్నానన్నారు. చదివాక మీరు చేసిన పని చూసి ముఖం మీదే "కాదు" అనేవాళ్లు ఉన్నారా? కోపం తగ్గించుకోవాలనుకుంటే ఆ "కాదు" మీ ఆవిడ అనాలి, రాయడం నేర్చుకోవాలనుకుంటే కాగితం మీద ఎర్ర పెన్ను పెట్టేవాళ్లు అనాలి. మెచ్చుకునే స్నేహితులు ఎంతమంది ఉన్నా ఆ పని చేయలేరు. డబ్బులిచ్చి పెట్టుకున్న లైఫ్ కోచ్ అసలు చేయడు, వచ్చే నెల ఫీజు పోతుంది కదా. అలాంటివాళ్లు దొరకడం కష్టమే, దొరికాక రెండు వారాలు ఒళ్లు మండుతుంది కూడా.

ఇది చదివి ఎవరైనా వయొలిన్ కొనాలనుకుంటే మాత్రం ఆన్‌లైన్లో కొనకండి. చవకవాటికి తీగలు బిగించే బిరడాలు నిలవవు, పొద్దున కలిపిన శ్రుతి సాయంత్రానికి దిగిపోతుంది. నేర్పేవాళ్లని వెంట తీసుకుని షాపుకి వెళ్లండి. విశాఖలో ఉంటే తీగలు ఒక సెట్టు అదనంగా తీసుకోండి, సముద్రపు గాలికి త్వరగా తుప్పు పడతాయి.